నమ్మకం ఉంటే మాత్రలు మానేయాలా?

కొన్నాళ్లుగా వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ‘హార్ట్ ఫెయిల్యూర్ అన్నారంటే ఇక డాక్టర్లు చేసేదేమీ లేదు. ప్రార్థనతో నా ఈఎఫ్ (గుండె రక్తం పంపే శాతం) 20 నుంచి 55కి పెరిగింది, మాత్రలన్నీ ఆపేశాను. ప్రార్థిస్తే గుండె ఆపరేషన్ గండాలు తప్పుతాయని అమెరికాలోనే తేల్చారు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే.’ నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. ఛాతీ కోయించుకుని గుండెలో లోహపు కవాటం (వాల్వ్) పెట్టించుకున్నవాణ్ణి కూడా. జవాబు చెప్పకుండా ఉండలేను.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోవడం. అందుకే పాదాలు వాస్తాయి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది, ఒంట్లో నీరు చేరి రెండు మూడు రోజుల్లోనే బరువు పెరుగుతుంది. దీనికి మందులున్నాయి, పేస్‌మేకర్లున్నాయి, కారణాన్ని బట్టి బైపాసో కవాటం మార్పిడో ఉంది. ఏదీ పనిచేయని దశలో కొందరికి గుండె మార్పిడి ఉంది. మన దేశంలో మొట్టమొదట దాన్ని విజయవంతంగా చేసింది 1994లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో. చేసిన డాక్టర్ వేణుగోపాల్ మన రాజమహేంద్రవరంలో పుట్టినవారే.

రెండో మాట ప్రాణాల మీదికి తెచ్చేది. ఒంటికి రక్తం పంపే గుండె గది, అంటే ఎడమ జఠరికలోని రక్తంలో ఎంత శాతం ఒక్కో స్పందనతో బయటికి వెళుతుందో ఈఎఫ్ చెబుతుంది. 20 నుంచి 55కి పెరిగిందన్నది అబద్ధం కానక్కర్లేదు. మందులు సరిగా వాడినవారిలో కొందరికి అలా పెరుగుతుంది. తిరకాసంతా ‘ఆపేశాను’ అన్నచోటే ఉంది. గుండె కండరం జబ్బు నుంచి ఇలాగే కోలుకున్నవారిపై బ్రిటన్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. డాక్టర్ల కనుసన్నల్లోనే 25 మందికి మందులు మెల్లగా మాన్పించారు. ఆరు నెలల్లో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవారిలో ఆ గడువులో ఒక్కరికీ తిరగబెట్టలేదు.

లోహపు కవాటం ఉన్నవారికైతే రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం తప్పదు. మానేస్తే కవాటం మీద రక్తం గడ్డకట్టి, అది మెదడుకు చేరితే పక్షవాతం. దీక్షలో ఉన్నా, ఉపవాసమున్నా ఈ మాత్ర మానకూడదు. జపానికి కూర్చుని గది నిశ్శబ్దమైతే నా కవాటం టిక్కుటిక్కుమనడం నాకే వినిపిస్తుంది. మరిచిపోదామన్నా మరవనివ్వదు!

అమెరికా పరిశోధన నిజమే, ఫలితం మాత్రం తలకిందులు. బైపాస్ చేయించుకున్న 1,802 మందిపై చేసిన ఆ అధ్యయనం 2006లో వెలువడింది. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివారిలో, ప్రార్థన జరిగినవారికి 52 శాతం, జరగనివారికి 51 శాతం చిక్కులొచ్చాయి. తమ కోసం తప్పక ప్రార్థిస్తారని తెలిసినవారిలో 59 శాతం. దీన్ని పట్టుకుని ప్రార్థనే కీడు అనడమూ తొందరపాటే. అక్కడ ప్రార్థించింది ముక్కూముఖం తెలియనివారు. ఐసీయూ బయట బెంచీ మీద తెల్లవార్లూ కూర్చున్న అమ్మ ప్రార్థనను ఎవరూ కొలవలేదు, కొలవాల్సిన పనీ లేదు.

చివరి మాట చదివితే ఒళ్లు మండుతుంది. తగ్గకపోతే నమ్మకం చాలలేదని రోగినే దోషిని చేసే మాట అది. థియేటర్‌కు తీసుకెళ్లేముందు నర్సు తాయెత్తు, మొలతాడు తీయించినప్పుడు నేనూ జంకాను. అవి లేకుండానే లోపలికి వెళ్లాను, నమ్మకం మాత్రం బయట వదిలేయలేదు. అసలు అవసరం ఆ తర్వాత పడింది. తీగలతో బిగించిన రొమ్ము ఎముక, దిండును ఛాతీకి అదుముకుంటే గానీ రాని దగ్గు, ఊపిరితిత్తుల కసరత్తుకు గాలి పీల్చి బంతులు లేపే మూడు బంతుల స్పైరోమీటర్. ఒక్కో బంతి లేపడానికి ఒక్కో గోవిందనామం నాది. పక్క మంచం పెద్దాయన ‘యేసయ్యా’ అనేవారు. ఇద్దరం వేళకు మాత్రలు మింగేవాళ్లం.

ఆ సందేశం మీకెవరైనా పంపితే వాదన తర్వాత పెట్టుకోండి. ముందు వాళ్లింట్లో ఎవరు ఏ మాత్ర ఆపేశారో కనుక్కుని, ఆ రోజే గుండె డాక్టరు దగ్గరికి పంపించండి.