తుపాకీకి సంబంధం కుదరడం లేదు

పెళ్ళికాని కుర్రాళ్ళ గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాస్తున్నాయి. ఉదయగిరి, సీతారాంపురం వైపు పాత ఇళ్ళ బీరువాల్లో సరిజోడు దొరక్క కూర్చున్న తుపాకుల గురించి ఒక్కరూ రాయరు. ఆ లోటు తీర్చడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మా పెద్దనాన్న దగ్గర వాళ్ళ నాన్న నాటి బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్ ఒకటుంది. అంటే బోల్ట్ అనే గడియలాంటి కడ్డీని చేత్తో వెనక్కి లాగి, ముందుకు తోసి తూటా ఎక్కించే రకం. బి.ఎస్.ఏ. వారిది. లైసెన్సు సక్రమంగా ఉంది. ఎక్స్‌ట్రాక్టర్ మాత్రం విరిగింది. పేలిన తూటా తొడుగును పట్టి బయటికి లాగే ముక్క అది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ తుపాకీకి వేట లేదు, కాబట్టి లాగాల్సిన తొడుగూ లేదు. అయినా ముక్క విరిగిన తుపాకీ ఇంట్లో ఉంటే పరువు తక్కువని ఆయన పట్టు. పరువు విషయంలో నేను ఎదురు చెప్పను.

నెల్లూరులో బి.ఎస్.ఏ. పార్టు కావాలంటే ఎవరైనా సైకిల్ షాపుకే దారి చూపిస్తారు. "ఫ్రీవీలా, పెడలా పెద్దాయనా?" అంటాడు షాపు కుర్రాడు. వాడి తప్పేం లేదు. బి.ఎస్.ఏ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవాళ్ళు కలిసి పెట్టుకున్న ఆ కంపెనీ తర్వాత సైకిళ్ళూ, మోటార్ సైకిళ్ళూ చేసింది. మన జిల్లాలో పేరేమో సైకిల్‌కు మిగిలింది, టెన్షనేమో తుపాకీ ఉన్నవాడికి మిగిలింది.

ఇక తుపాకులు తెలుసన్నవాళ్ళు "అన్నీ ఒకటే, సెట్ అయిపోద్ది" అంటారు. సవినయంగా విభేదిస్తున్నాను. ఆ కంపెనీయే ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ తరహా వేట రైఫిళ్ళు చేసింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ రైఫిల్ మౌజర్ తరహావి చేసింది. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌కు తల విడిగా ఉండి మరతో బిగుస్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ అందులో ఇమిడే చిన్న ముక్క. 1898 నాటి మౌజర్‌లో అదే ఎక్స్‌ట్రాక్టర్ బోల్ట్ పొడుగునా పడుకున్న స్ప్రింగు పట్టీ. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు.

పోనీ బోల్టే మార్చేద్దామా? పాత రైఫిళ్ళలో చాలావాటికి బోల్ట్ మీదా బాడీ మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. ఫ్యాక్టరీవాళ్ళు ముహూర్తం చూసి కలిపిన జంట అది. ఇంకో తుపాకీ బోల్ట్ లోపలికి దూరినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు, మూసిన బోల్ట్ ముందు తూటాకు ఎంత ఖాళీ మిగిలిందో గేజి పెట్టి చూడాలి. ఎక్కువ మిగిలితే తొడుగు చిట్లి, మంట పేల్చినవాడి మొహం మీదికే రావచ్చు. మనుషుల్లో జాతకాలు కలవకపోయినా కాపురాలు ఏదో రకంగా నడిచిపోతున్నాయి. ఇక్కడ సర్దుకుపోవడం లేదు.

బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసే .315 బోరు రైఫిల్ ఎక్స్‌ట్రాక్టర్ విప్పి పెట్టుకోమని ఊళ్ళో ఒక సలహా. అదీ లీ-ఎన్‌ఫీల్డ్ వంశమే, కానీ వేరే తూటాకు చేసింది. లేతు మేస్త్రీ అయితే గంటలో కొత్త ముక్క చేసిస్తానన్నాడు. ఆ గంటకు లైసెన్సు కావాలి. 1959 ఆయుధ చట్టం ప్రకారం ఆయుధంలో భాగం కూడా ఆయుధమే, తుపాకీ రిపేరుకూ అనుమతి ఉండాలి. గోరంత ఎక్స్‌ట్రాక్టర్‌ను చట్టం అంత గౌరవంగా చూస్తుందని తెలిసి పెద్దనాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఈలోగా అడవిపందులు శనక్కాయ చేలు దున్నేస్తున్నాయి. రైతులు చేను చుట్టూ పాత చీరలు కడుతున్నారు. పందులు చీరకు జంకినంతగా బీరువాలో ఉన్న బర్మింగ్‌హామ్‌కు జంకడం లేదు. పైగా చీరకు స్పేర్ పార్టులు అక్కర్లేదు.

మరి రైఫిల్ చేసే పనేమిటి? ఎన్నికలొస్తే స్టేషన్‌కు వెళ్ళి డిపాజిట్ అవుతుంది. ప్రజాస్వామ్యం ముగిశాక కాస్త తుప్పుతో ఇంటికొస్తుంది. ఆ తుప్పు గీకించడానికి మళ్ళీ లైసెన్సున్న మనిషి కావాలి. ఈ సేవకు ఎక్స్‌ట్రాక్టర్ అవసరం లేదు, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ అవసరం లేదు, అసలు బోల్టే అవసరం లేదు. కర్ర, గొట్టం, భుజానికి వేసుకోను ఒక పటకా చాలు. ఈ మూడింటికే లైసెన్సు ఇచ్చే కొత్త కేటగిరీ ఒకటి పెట్టాలని ప్రభుత్వానికి నా విన్నపం. మీసం ఉన్నవారికి ఫీజులో రాయితీ.

పెద్దనాన్నకు ఈ ప్రతిపాదన చదివి వినిపించాను. "మరి పోయినసారి రసీదులో కండిషన్ బాగుంది అని రాశారే!" అన్నాడు. పేల్చి చూడలేదు కదా పెద్దనాన్నా అన్నాను. "చూడకుండానే తెలిసింది వాళ్ళకు" అని రసీదు మడిచి లోపల పెట్టుకున్నాడు.