లైవ్ ఆల్బమ్‌లో దగ్గినవారి హక్కులు

జనం ముందు జరిగిన కచేరీని రికార్డు చేసి అమ్మే లైవ్ ఆల్బమ్‌ను సంగీతం అనుకుని వింటున్నంతకాలం ఈ దేశంలో ఎవరికీ న్యాయం జరగదు. అది వాంగ్మూలం. ఫలానా రోజున, ఫలానా చోట, ఈవిడ నిజంగానే పాడింది, మేమంతా అక్కడే ఉన్నాం అని జనం చేతులు కొట్టి మరీ ఇచ్చిన సాక్ష్యం. అలాంటప్పుడు సాక్షుల దగ్గును రికార్డులోంచి తొలగించడం ఏ సెక్షన్ కిందికి వస్తుందో పెద్దలు ఆలోచించాలి.

ఇంగ్లీషు గాయని సారా బ్రైట్‌మన్ ‘సింఫనీ: లైవ్ ఇన్ వియన్నా’నే తీసుకోండి. 2008 జనవరి 16న వియన్నాలోని సెయింట్ స్టీఫెన్స్ కెథడ్రల్ అనే పెద్ద చర్చిలో కచేరీ. ఆల్బమ్ వచ్చింది మరుసటి ఏడు. స్వరకర్త హైడన్ చిన్నప్పుడు చర్చి గాయక బృందంలో పాడిన చోటు అది, 1782లో మరో స్వరకర్త మోత్సార్ట్ పెళ్లి చేసుకున్న చోటు. ఆ కప్పు కింద ‘పియె జెసు’ అనే ప్రార్థన పాడారు, ఒక దెయ్యం కథ మీద నడిచే సంగీత నాటకంలోని ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ పాట కూడా పాడారు. రెండూ స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ ఈ గొంతును దృష్టిలో పెట్టుకుని కట్టిన బాణీలే కాబట్టి దేవుడికీ దెయ్యానికీ అభ్యంతరం ఉండకూడదు.

అభ్యంతరం ఉండేది రాతికి. అంత పెద్ద రాతి కట్టడంలో ఒక శబ్దం పూర్తిగా అణగడానికి 5 సెకన్ల పైనే పడుతుంది. ‘పియె జెసు’ లాంటి నెమ్మది పాటకు ఇది వరం. అదే నిమిషానికి 120 దెబ్బల డ్రమ్ము వాయించారనుకోండి, మొదటి దెబ్బ చావకముందే మరో పది దాని మీద వచ్చి పడతాయి. అందుకని డ్రమ్ముల చుట్టూ పారదర్శకమైన తెరలు, వాయిద్యాలకు జానెడు దూరంలో మైకులు, బేస్ గిటార్‌కైతే మైకే లేకుండా నేరుగా తీగ. లోకప్రసిద్ధమైన ప్రతిధ్వని కోసం అంతదూరం వెళ్లి, అది లోపలికి రాకుండా ఇన్ని కాపలాలు పెట్టడంలో ఉన్న వినయాన్ని మనం గుర్తించాలి.

ఇక గొంతు. ఒపెరా గాయకులు మైకు లేకుండానే ఆర్కెస్ట్రాను దాటి వినిపించడం నేర్చుకుంటారు. శాస్త్రీయాన్నీ పాప్‌నీ కలిపి పాడే క్రాసోవర్ గాయని విద్య వేరు. ఒక చరణం చెవిలో గుసగుస, తర్వాతిది పైకప్పుకు. గుసగుసకు మైకు పెదవులకు రెండు వేళ్ల దూరంలో ఉండాలి, అక్కడే కింది స్థాయి (బేస్) ఉబ్బి గొంతుకు నిండుదనం వస్తుంది. పై స్థాయికి చెయ్యి చాచి మైకును దూరం జరపాలి. ‘ఫాంటమ్’ చివరి స్వరం సెకనుకు సుమారు 1,319 కంపనాలు. అక్కడ చెయ్యి చాచడం మరిచిపోతే సిగ్నల్ పగిలిపోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా అతకలేదు. పోనీ తలకే మైకు కడదామంటే కిరీటం, పూసలు, లేసు అన్నీ తలా ఒక మాట అంటాయి. చెమట చుక్క ఒకటి మైకు రంధ్రంలోకి దిగితే పై స్థాయి మొత్తం మాయం.

కచేరీ అయ్యాక అసలు కచేరీ మొదలవుతుంది. ఇది ఏ ఒక్క ఆల్బమ్ గుట్టో కాదు, ఈ వృత్తిలో రోజువారీ పని. ఒక స్వరం కాస్త దిగిందనుకోండి. సాఫ్ట్‌వేర్‌తో పైకి లాగొచ్చు. కానీ ఆ మైకులో గొంతుతో పాటు వెనకున్న వయొలిన్లు కూడా పడ్డాయి. గొంతును లాగితే వాటి నీడా లేస్తుంది, సొంత మైకుల్లోని వయొలిన్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. రెండూ కలిసేసరికి ఏ పాపం ఎరగని వయొలిన్‌వాళ్లు శ్రుతి తప్పినట్టు తేలుతుంది.

కాబట్టి గాయనిని స్టూడియోకి పిలిచి ఆ ముక్క మళ్లీ పాడిస్తారు. మన పద్యనాటకంలో జనం ‘వన్స్ మోర్’ అంటే చచ్చిన పాత్ర కూడా లేచి పద్యం అందుకునేది. ఇక్కడ ఆ కేక వేసేది ఇంజనీరు, అదీ కొన్ని వారాల తర్వాత.

స్టూడియో గొంతుకు కెథడ్రల్ ఉండదు. అందుకే ఖాళీగా ఉన్నప్పుడే అక్కడొక బెలూన్ పేల్చో, కింది స్థాయి నుంచి పై స్థాయికి పాకే కూత ఒకటి స్పీకర్లో వేసో, రాయి ఇచ్చిన జవాబును ఫైలుగా దాచిపెట్టుకుంటారు. దాన్ని గొంతు మీద కప్పితే గాయని మళ్లీ వియన్నాలో ప్రత్యక్షం. జనవరి కోట్లు తొడుక్కున్న జనం శబ్దాన్ని తాగేస్తారు కనుక ఆ ఖాళీ హాలు ప్రతిధ్వని తోకను కాస్త కత్తిరించాలి కూడా. ఇంత చేసినా ఒక పీడ వదలదు. జనం వైపు తిప్పిన మైకుల్లో పాత స్వరం చెక్కుచెదరకుండా ఉంది, కొత్త గొంతు వెనకాల సన్నగా పలుకుతూనే ఉంటుంది. అందుకని పాట నడుస్తున్నంతసేపూ ఆ మైకుల్ని దాదాపు మూసేసి, చివర్లో తెరుస్తారు. పాట మధ్యలో అన్ని వందల మంది ఊపిరి బిగబట్టినట్టు వినిపించేది భక్తి వల్ల కాదు.

శుద్ధ శాస్త్రీయం వారు ఇక్కడ నవ్వకూడదు. 1952లో లండన్‌లో వాగ్నర్ ఒపెరా ‘ట్రిస్టన్ ఉండ్ ఇజోల్డే’ రికార్డు చేసినప్పుడు, నాయిక పాత్ర పాడిన కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాట్‌కు బదులుగా బాగా ఎత్తైన పై ‘సి’ స్వరాలు పాడిపెట్టింది మరో గాయని ఎలిజబెత్ ష్వార్ట్స్‌కోప్ఫ్.

చప్పట్లకూ సంస్కారం తప్పదు. ఆ కెథడ్రల్ పొడవు 107 మీటర్లు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది కనుక ముందు పాడిన పాట వెనక వరసలకూ అక్కడి మైకుకూ చేరేసరికి దాదాపు మూడోవంతు సెకను ఆలస్యం, వాళ్ల చప్పట్లూ అంతే ఆలస్యం. వెనక మైకు ట్రాకును అంతమేర ముందుకు జరిపితే సరి. ముందు వరసకూ వెనక వరసకూ సమానత్వం ఒక్క మౌస్ కదలికతో వచ్చేస్తుంది. ఇదే పని మీద ఏళ్ల తరబడి కూర్చున్న కమిషన్లు గమనించగలరు.

మిగిలింది దగ్గు. తెర మీద కాలం అడ్డంగా, స్థాయి నిలువుగా గీసిన బొమ్మలో గాయని స్వరం అడ్డగీతలుగా సాగుతుంటే, దగ్గు కింద నుంచి పైకి నిలువు మరకలా లేస్తుంది. ఆ మరక చుట్టూ గీత గీసి, అటూ ఇటూ ఉన్న శబ్దంతో పూడ్చేస్తారు. జలుబు పెట్టుకుని, మంచులో వచ్చి, ఆపుకోలేకపోయిన పౌరుడి ఉనికి అక్కడితో సరి.

కనుక మా డిమాండ్లు. ఉప్మా రవ్వ ప్యాకెట్టు మీద వేసినట్టే కవరు వెనక ‘లైవ్ శాతం’ అచ్చు వేయాలి. తొలగించిన దగ్గులన్నీ విడి డిస్కుగా ఉచితంగా ఇవ్వాలి. ఒక సీడీలో 80 నిమిషాల దగ్గు పడుతుంది, జనవరి కచేరీకి అది చాలకపోవచ్చు. రాయల్టీ విషయానికొస్తే, నెమ్మది పాట మధ్యలో దగ్గినవారికి పూర్తి రేటు, డ్రమ్ములు మోగుతున్నప్పుడు దగ్గినవారికి సగం. చప్పట్ల మధ్యలో దగ్గినవారికి ఏమీ అక్కర్లేదు. అవి ఎవరూ చెరపలేదు, ఆల్బమ్‌లోనే ఉన్నాయి. ‘అతిథి కళాకారులు’ అని పేర్లు వేస్తే చాలు.