మూలుగే ముడిసరుకు

దేశంలో కొత్త వస్తువులు కనిపెట్టేవారికి కరువు వచ్చిందని పెద్దలు బాధపడుతున్నారు. కొత్త వస్తువు పుట్టాలంటే ప్రేరణ కావాలని, ఆ ప్రేరణ రోజువారీ బతుకులోనే దొరుకుతుందని కూడా వారే సెలవిచ్చారు. అందుకే పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను రోజువారీ బతుకులోంచి బయటకు లాగి, బస్సెక్కించి, ఊరవతల రిసార్టులో దించి, చల్లటి గదిలో కూర్చోబెట్టి ఆ రోజువారీ బతుకును వెతికిస్తున్నాయి.

వెతుకులాట అంతా ఒక పద్ధతి ప్రకారం సాగుతుంది. ఉదయం పది నుంచి పదకొండున్నర వరకు సహానుభూతి, అంటే ఎదుటివారి కష్టం తమదే అనుకుని ఊహించుకోవడం. ఆ తర్వాత టీ. టీ తర్వాత గోడ నిండా పసుపుపచ్చ చీటీలు అంటించి, ఒక్కో దాని మీద ఒక్కో కష్టం రాస్తారు. ఇందాక తాగిన టీ కప్పులు ఎవరు కడుగుతున్నారన్న కష్టం మాత్రం ఏ చీటీ మీదికీ ఎక్కదు. సాయంత్రానికి సగం చీటీలు నేల మీద ఉంటాయి. వాటిని తప్పుపట్టలేం. 1968లో అమెరికాలో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రవేత్త గట్టి జిగురు చేయబోతే ఇప్పుడీ చీటీల వెనక ఉండే, అంటీ అంటనట్టుండే జిగురు తయారైంది. ఏళ్ల తరబడి అదెందుకు పనికొస్తుందో ఎవరికీ తెలియలేదు. చర్చిలో పాడేటప్పుడు పాటల పుస్తకంలో గుర్తుకు పెట్టుకున్న కాగితాలు జారిపోతున్నాయని ఆయన సహోద్యోగి ఆర్ట్ ఫ్రై విసుక్కున్నాకే దానికి ఉద్యోగం దొరికింది. గోడకు చీటీలు అంటించుకుంటూ కూర్చుంటే వచ్చిన ఆలోచన కాదది. అంటించడానికి అప్పటికి చీటీలు ఎక్కడున్నాయి?

రిసార్టుకు పిలుపు రాని కారణంగా నేను చరిత్రను ఆశ్రయించాను. అక్కడ నాకొక సూత్రం దొరికింది. ఇంతటి సూత్రం ఇన్నాళ్లూ పండితుల కంట పడకపోవడం విచిత్రమే.

1920 నాటి సంగతి. అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి పత్తి కొనిపెట్టే ఉద్యోగి ఎర్ల్ డిక్సన్. ఆయన భార్య జోసెఫీన్ వంటింట్లో తరచూ వేళ్లు కోసుకునేది, కాల్చుకునేది. ఆయన అంటుకునే పట్టీ మీద అక్కడక్కడా దూదిగుడ్డ ముక్కలు అతికించి, ఎవరి సాయం లేకుండా ఆమె తన వేలికి తానే చుట్టుకునేలా చేశాడు. అదే బ్యాండ్-ఎయిడ్ అయింది. డిక్సన్ కొన్నేళ్లకు ఆ కంపెనీకే ఉపాధ్యక్షుడయ్యాడు. ఇంట్లో కూర తరిగే వంతు మారినట్టు మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఇంకొంచెం ఇటు రండి. అమెరికాలోనే వంటసామాన్ల వ్యాపారి సామ్ ఫార్బర్ భార్య బెట్సీకి కీళ్లవాతం. తొక్క తీసే పీలర్ సన్నటి ఇనుప పిడి మీద ఆమె చేతికి పట్టు దొరకలేదు. 1990లో లావాటి మెత్తటి రబ్బరు పిడితో ఆక్సో వంటింటి పనిముట్లు బజారుకొచ్చాయి. మన పక్కనే కోయంబత్తూరులో, 1998లో, అరుణాచలం మురుగానందం తన భార్య శాంతి నెలసరికి పాత గుడ్డలు దాచుకుని తీసుకువెళ్లడం చూశాడు. చౌకగా శానిటరీ ప్యాడ్లు చేసే యంత్రం అలా మొదలైంది. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక మన చింతకింది మల్లేశం. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం, చదువు బడి మధ్యలోనే ఆగింది. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రానికి ఒక పక్క వరుసగా కొయ్య మేకులుంటాయి. పట్టుపోగును ఈ కొస నుంచి ఆ మేకు దాకా తీసుకెళ్లి, చుట్టి, మళ్లీ వెనక్కి తేవాలి. మీటరు దూరం చెయ్యి పోవాలి, రావాలి. పోగు తెగకూడదు, మేకు తప్పకూడదు. ఇలా ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. మగ్గం మీద కూర్చున్నవారిని నేతకారుడంటాం, రంగులు చూసి ఆహా అంటాం. ఆసు పోసేది మాత్రం ఎక్కువగా ఇంట్లో ఆడవారే, కాబట్టి దానికి ఏమీ అనం. మల్లేశం తల్లి లక్ష్మి భుజం ఇక లేవనంది. కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. ఊరు నవ్వింది, చేతిలో డబ్బు అయిపోయింది. చివరి చిక్కుముడి వీడింది హైదరాబాదు బాలానగర్‌లో. వేరే పని మీద వెళ్లిన చోట ఒక యంత్రం కదలిక చూస్తే, తన చట్రానికి కావలసిన కదలిక అదేనని తట్టింది. 1999కి ఆసు యంత్రం తయారైంది. దానికి లక్ష్మి అని తల్లి పేరే పెట్టాడు. ఈ రంగంలో ఇది అరుదైన మర్యాద. వేలు తెగితే జోసెఫీన్ తీసుకురమ్మని ఎవరూ అడగరు కదా.

సూత్రం ఇప్పటికే మీకు స్ఫురించి ఉంటుంది. ఇంట్లో ఆడవారికి ఎక్కడ నొప్పి పుడుతుందో అక్కడ మగవారికి ఆలోచన పుడుతుంది. మూలుగు ముడిసరుకు, మిగతాదంతా యంత్రాంగం.

మరి ఈ ముడిసరుకు విషయంలో ప్రపంచంలోనే సంపన్నులమైన మనం వెనకబడటమేమిటి? సరఫరాలో లోపం. దీనికి బాధ్యులు మన మహిళలేనని చెప్పక తప్పదు. వారు నొప్పిని దాస్తున్నారు. "ఏమైంది?" అని పేపరు దించకుండానే ఎంతో ఆదరంగా అడిగితే "ఏమీ లేదులే" అంటారు. జాతి సంపదను ఇంత నిర్లక్ష్యంగా తొక్కిపెట్టడం మరే రంగంలోనైనా సహిస్తామా?

సామాన్యమైన ఇంటినొకదాన్ని సోదా చేద్దాం. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము కూడా కలిస్తే దాదాపు 30 కిలోలు. ఇంటావిడ దాన్ని ఓ పక్కకు ఒరిగించి అంచు మీద దొర్లించుకుంటూ వరండా నుంచి వంటింటికి తెస్తుంది. శబ్దం వినిపిస్తే టీవీ గొంతు పెంచుతాం. మిక్సీ ఆడినంతసేపూ మూత మీద అరచెయ్యి అదిమి పెట్టాలి. అంటే ఇంట్లో అత్యంత ఆధునికమైన యంత్రం ఒక మనిషి చెయ్యి ఉంటే తప్ప పనిచేయదు. పై అరలో పెద్ద గిన్నెలుంటాయి. అర ఎత్తు నిర్ణయించిన వడ్రంగి ఆరడుగుల వాడు, అందుకోవలసిన మనిషి అయిదడుగులు. మధ్యలో ఆ అడుగు తేడాను బియ్యం డబ్బా భర్తీ చేస్తుంది.

దాచడంతో ఊరుకున్నా బాగుండేది. అంతకంటే ఘోరం, తామే చక్కబెట్టేసుకుంటున్నారు. కుక్కర్ గాస్కెట్ వదులైతే కాసేపు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి బిగువు తెప్పించి మళ్లీ ఎక్కిస్తారు. జాడీ మూత వదులైతే దారం చుడతారు. గ్రైండరు ఊగితే కాలి కింద అట్టముక్క మడిచి పెడతారు. పాత చీర సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఉయ్యాల అవుతుంది, బొంత అవుతుంది, మసిగుడ్డ అవుతుంది, చివరికి వేరుశనగ చేను చుట్టూ కంచెగా నిలబడి అడవి పందులను బెదిరిస్తుంది. ఒక్క వస్తువుకు ఇన్ని అవతారాలు రిసార్టులో ఎవరైనా చూపిస్తే పదోన్నతి ఖాయం. ఇంట్లో దీన్ని పొదుపు అంటారు. అట్టముక్క మడిచిన ప్రతిసారీ పుట్టబోయే కంపెనీ ఒకటి గ్రైండరు కాలి కింద నలిగిపోతోందని ఎవరైనా లెక్క తీశారా?

ఇక్కడ జర్మనీలో జరిగిన ఒక అపశ్రుతి గురించి హెచ్చరించాలి. మెలిట్టా బెంట్స్ అనే గృహిణికి కాఫీలో మడ్డి పంటికి తగలడం నచ్చలేదు. ఇత్తడి గిన్నె అడుగుకు మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు బడి పుస్తకంలోని బ్లాటింగ్ పేపరు చింపి అందులో పరిచింది. అంతవరకు సబబే. ఆ తర్వాత ఆమె భర్తకు ఆలోచన వచ్చేదాకా ఆగకుండా, 1908లో తన పేరునే పేటెంటు తీసుకుని, కంపెనీ పెట్టి, భర్త హ్యూగోను అందులో పనికి పెట్టుకుంది. నొప్పీ పేటెంటూ ఒకే మనిషి దగ్గర ఉండిపోతే సహానుభూతికి చోటెక్కడుంటుంది? ఉదయం పది నుంచి పదకొండున్నర దాకా ఏం చేయాలి?

ఇంకో ప్రమాదకరమైన వాదన కూడా ఈ మధ్య వినిపిస్తోంది. ప్రేరణ కావలసిన మగవారు తామే ఓ నెల అంట్లు తోమి, సిలిండరు దొర్లించి, ఆసు పోసి చూడాలట. మురుగానందాన్ని సాక్ష్యానికి తెస్తారు. ఆయన ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపి నడుముకు కట్టుకుని, తాను చేసిన ప్యాడు తానే పెట్టుకుని తిరిగాడు. ఊళ్లో వెలివేసినంత పని చేశారు, భార్య కూడా కొన్నేళ్లు పుట్టింటికి వెళ్లిపోయింది. ఇంతటి సహానుభూతి రిసార్టు ప్యాకేజీలో లేదు. ఉన్నా తట్టుకోలేం.

కాబట్టి ప్రభుత్వానికి మధ్యేమార్గంగా ఒక మనవి. ప్రతి ఇంటికీ ఒక దరఖాస్తు ఫారం పంచాలి. నొప్పి ఏ అవయవానికి, ఏ పనివల్ల, రోజుకు ఎన్నిసార్లు అన్న గడులు ఉండాలి. మూడు ప్రతులు, నల్ల సిరా. "దీన్ని మీరే ఎలా సరిచేసుకున్నారు?" అన్న ప్రశ్న పొరపాటున కూడా ఉండకూడదు, జవాబు వస్తే మనకు పని ఉండదు. మహిళలకు ఇదంతా నింపే తీరిక దొరకడం లేదని ఫిర్యాదు వస్తే, వారి తరఫున ఇంటి యజమాని నింపి సంతకం చేయవచ్చు. పేటెంటు ఎవరి పేరున రావాలో కూడా అక్కడే రాసుకుంటే ఇంకో ఫారం ఖర్చు తగ్గుతుంది.