టేకులో నల్లచార కనబడగానే కుళ్ళు అనుకోవద్దు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి, ఆలాపల్లి ప్రాంతాల తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో, ఇల్లు కట్టుకుంటున్నవారికి జాగ్రత్త అంటూ ఒక సందేశం తిరుగుతోంది. టేకు పలకలో నల్లచార ఉంటే అది కుళ్ళిన కట్టె అనీ, అంచున తెల్లచెక్క ఉంటే అసలు టేకే కాదనీ, నీలి మరక ఉంటే మందు కొట్టిన సరుకనీ, మరక ఏదైనా బ్లీచింగ్ పౌడరుతో పోతుందనీ దాని సారాంశం. దీన్ని నమ్మి మంచి పలకలను వెనక్కి పంపినవారినీ, రంగు బాగుందని గుల్లబారిన దూలాన్ని తెచ్చుకున్నవారినీ చూశాను కనుక, ఇక్కడ వడ్రంగం చేసుకుని బతికేవాడిగా ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటిది నల్లచార. టేకు చేవలో, అంటే మాను నడిమి గట్టి భాగంలో, ముదురు చారలు పుట్టుకతోనే ఉంటాయి. 2023 మార్చిలో అయోధ్య ఆలయానికి మన పొరుగు చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా నుంచి టేకు వెళ్ళిందని గర్వంగా చెప్పుకునే మనం, ఆ కట్టె స్వభావాన్ని ఇంత తప్పుగా చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తోంది. పైగా అప్పుడే కోసిన టేకు పలక పచ్చని ఛాయతో, మచ్చలు మచ్చలుగా కనిపించి, వెలుతురూ గాలీ తగిలిన కొద్దీ బంగారు గోధుమ రంగుకు తిరుగుతుంది. నిరుడు ఒక దర్వాజ కోసం తెచ్చిన పలకలను చూసి ఇంటాయన "ఇది పాడైన కట్టె మేస్త్రీ, వాపసు ఇచ్చేయండి" అన్నారు. నేను ఒక పలకకు రంద (చిత్రిక) పట్టి, సగం మీద గోనెసంచి కప్పి, మిగతా సగాన్ని వసారాలో వెలుతురుకు వదిలాను. పది రోజుల తరువాత సంచి తీస్తే, కప్పిన భాగం పచ్చపచ్చగా మచ్చలతోనే ఉంది, తెరిచి ఉన్న భాగం ఒకే రంగుకు వచ్చింది. ఆ పలకే ఈనాడు వారి వాకిట్లో నిలబడి ఉంది.

కుళ్ళు తెలుసుకోవలసింది కంటితో మాత్రమే కాదు, చేతితో కూడా. అనుమానమున్న చోట ఉలి కొనను గుచ్చి పైకి ఎత్తితే, గట్టి కట్టె నుంచి పొడవైన పేడు లేస్తుంది. కుళ్ళిన కట్టె పీచు లేకుండా అడ్డంగా, పెళుసుగా విరుగుతుంది. నల్లగీతల్లో అనుమానించవలసినవి కూడా ఉన్నాయి: పాలిపోయిన, మెత్తబడిన మచ్చ చుట్టూ సిరాతో గీసినట్టు వంకర టింకరగా సాగే సన్నని గీత శిలీంధ్రం గీసుకున్న సరిహద్దు. అక్కడ మాత్రం ఉలి పరీక్ష చేయకుండా ఆ పలకను వాడకూడదు.

తెల్లచెక్క సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ప్రతి టేకు చెట్టుకూ బెరడు కింద తెల్లచెక్క ఉంటుంది, లేత చెట్టులో ఎక్కువగా ఉంటుంది. అది టేకే, కానీ చేవకున్న మన్నిక దానికి లేదు. పుచ్చూ చెదా మొదట దానినే పడతాయి. దర్వాజకు దానిని చెక్కించి తీసివేయాలి.

నీలి మరకను మందు అనడం పూర్తిగా పొరపాటు. మామిడి, బూరుగు, పైన్ వంటి తెల్లకట్టె దుంగలు ముసురులో తడిగా పడి ఉన్నప్పుడు ఒక రకం శిలీంధ్రం లోపలికి పాకి, అందులోని చక్కెరనూ పిండి పదార్థాన్నీ తిని, నీలి బూడిద రంగును మిగులుస్తుంది. కట్టె పీచును అది పెద్దగా తినదు కనుక బలం దాదాపు అలాగే ఉంటుంది. రంగు వేసే బీరువాకు నిరభ్యంతరంగా వాడవచ్చు. పైపై బూజు రంద పడితే పోతుంది, ఇది లోతుగా ఉంటుంది కనుక పోదు. మందు పట్టించిన పైన్ కట్టెకు సాధారణంగా వచ్చేది ఆకుపచ్చ ఛాయ, చారలు చారలుగా ఉండే నీలి రంగు కాదు. అయితే అంతకాలం తడిలో ఉన్న దుంగకు కుళ్ళు కూడా సోకి ఉండవచ్చు కనుక ఇక్కడా ఉలి పరీక్ష చేయాలి.

ఇక బ్లీచింగ్ పౌడరు. నల్లతుమ్మ వంటి వగరు కట్టెలో ఇనుప మేకు దిగి నీరు తగిలితే, మేకు చుట్టూ నీలి నలుపు వలయం ఏర్పడుతుంది. అది ఇనుమూ కట్టెలోని వగరూ కలిసి పుట్టిన రంగు; బ్లీచింగ్ పౌడరు దానిని తీయలేదు, పైగా కట్టె పీచును దెబ్బతీస్తుంది. లీటరు వేడినీటిలో సుమారు 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ గిన్నెలోంచి ఆ మరక మీద కొద్దిగా పూయండి. కాసేపటికి వెలిసిపోతే అది ఇనుప మరక, చెక్కుచెదరకపోతే శిలీంధ్రం మరక అయి ఉండవచ్చు. ఆ ఆమ్లం విషం కనుక పిల్లలకు అందకుండా ఉంచాలి, పని అయ్యాక పలకను మంచినీటితో బాగా కడగాలి. ఆ తరువాత ఇనుప మేకును పీకి ఇత్తడి మరను బిగించకపోతే, మొదటి వానకే ఆ వలయం అదే చోట మళ్ళీ తేలుతుంది.