మురుగునీటిపై శాశ్వత నిఘా కావాలి

2016 జూన్‌లో హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. నగరంలో పోలియో కేసు ఒక్కటీ లేదు. అయినా ప్రభుత్వం తాత్సారం చేయలేదు. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేయించే పని తలకెత్తుకుంది. 2020లో హైదరాబాద్‌లోని కేంద్ర పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటినే పరీక్షించి, కరోనా సోకినవారు అధికారిక లెక్కలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని అంచనా కట్టారు.

యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా విషయంలో మాత్రం ఈ చురుకుదనం కనిపించదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ఇవే నేరుగా కారణమని లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. మనకు ఈ ముప్పు గురించి తెలిసేదంతా చాలావరకు పెద్ద ఆసుపత్రుల్లో కల్చర్ పరీక్ష (నమూనాలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం) చేయించుకున్న రోగుల ద్వారానే. జ్వరం రాగానే మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కొనుక్కుని రెండు రోజులు మింగి మానేసేవారు ఏ రికార్డుకూ ఎక్కరు. వారి కడుపులోని బ్యాక్టీరియా మాత్రం డ్రైనేజీలోకి చేరుతుంది.

ఆ నీటిలోని డీఎన్‌ఏనంతా వేరుచేసి సీక్వెన్సింగ్ చేస్తే, అంటే అందులోని జన్యు అక్షరాల వరుసను చదివితే, ల్యాబ్‌లో పెంచడానికి వీలుపడని సూక్ష్మజీవుల ఆనవాళ్లూ దొరుకుతాయి. చివరి అస్త్రాలుగా దాచుకునే కార్బపెనెమ్ మందులను పనిచేయకుండా చేసే ఎన్‌డీఎం-1 లాంటి జన్యువులు ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి పాకుతాయి. అవి ఏ ప్రాంతంలో పెరుగుతున్నాయో ఏ ఒక్కరి పేరూ బయటపెట్టకుండానే తెలుసుకోవచ్చు. జన్యువు కనిపించినంత మాత్రాన ఆ బ్యాక్టీరియా బతికే ఉందనుకోలేం. అందుకే ఆసుపత్రుల కల్చర్ ఫలితాలను పక్కన పెట్టుకునే వీటిని చదవాలి.

హైదరాబాద్‌కు ఇది మరింత అవసరం. పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లోనే ప్రకటించారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ! అలాంటి నీటిలో మందుకు లొంగని బ్యాక్టీరియానే మిగిలి పెరుగుతుంది. ఇంత జరిగాక కూడా, 2020 జనవరి ముసాయిదాలో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లోని యాంటీబయాటిక్ అవశేషాలకు పెట్టిన పరిమితులను కేంద్రం 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో ఎత్తేసింది. ఇది ప్రజారోగ్యానికి చేసిన అన్యాయమని మేం నమ్ముతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఈ పరిశ్రమ వ్యర్థాలపై మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, కేంద్రం ఆ పరిమితులను తిరిగి తేవాలి.

రాష్ట్ర ప్రభుత్వం కేంద్రం కోసం ఎదురుచూడనక్కర్లేదు. అంబర్‌పేట, నాగోల్ శుద్ధి కేంద్రాలు, పెద్దాసుపత్రుల డ్రైనేజీలు, పారిశ్రామికవాడలకు ఎగువన, దిగువన ఉన్న వాగుల నుంచి నెలనెలా నమూనాలు తీయించాలి. ఎగువకూ దిగువకూ తేడా తెలిస్తేనే ఏ పాపం పరిశ్రమలదో, ఏది మందుల విచ్చలవిడి వాడకానిదో తేలుతుంది. ఈ పని చేయగల ల్యాబ్‌లు, శాస్త్రవేత్తలు తార్నాక, హబ్సిగూడలోనే ఉన్నారు. వారికి ఏటా బడ్జెట్‌లో నిధులు కేటాయించి, ఫలితాలను ఎప్పటికప్పుడు వైద్యులకు, ప్రజలకు అందుబాటులో పెట్టాలి.