నవ్వితే రిమాండేనా?

2025 జూన్‌లో సాక్షి టీవీ స్టూడియోలో ఒక వక్త అమరావతి ఆడవాళ్ల మీద నోరు పారేసుకున్నాడు. ఎదురుగా కూర్చున్న యాంకర్ నవ్వాడు. ఆ నవ్వుకి పోలీసులు హైదరాబాద్ దాకా వెళ్లి సీనియర్ జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావుని పట్టుకొచ్చారు. రిమాండ్ పడింది, గుంటూరు జైలుకి పంపారు. నాలుగు రోజులు తిరక్కుండానే, జూన్ 13న, సుప్రీంకోర్టు ఆయన్ని విడుదల చేయమంది. ఎవరైనా అడ్డగోలు మాట అంటే నవ్వు రావడం సహజం, అంతమాత్రాన కుట్రలో భాగస్వామి అయిపోతాడా అని ధర్మాసనం అడిగింది. కేసు కట్టేటప్పుడు స్టేషన్‌లో ఒక ఎస్సైకి తట్టాల్సిన ప్రశ్న ఇది. దాన్ని అడగడానికి ఢిల్లీలో ఇద్దరు న్యాయమూర్తులు కూర్చోవాల్సి వచ్చింది.

అమరావతి ఆడవాళ్ల గురించి ఆ చర్చలో వచ్చిన మాట నీచమైనది. భూములిచ్చి, ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చుని, లాఠీ దెబ్బలు తిన్నవాళ్లకి కోపం రావడంలో తప్పేమీ లేదు. ఆ మాట అన్న మనిషి మీద కేసు పెట్టడాన్నీ మేం తప్పుపట్టం. తన కార్యక్రమంలో అలాంటివి సాగనివ్వొద్దని సుప్రీంకోర్టు యాంకర్‌ని కూడా హెచ్చరించింది. సరే, ఒప్పుకున్నాం.

మా భయం ఆ నవ్వు మీద పెట్టిన కేసు గురించి. అన్నవాడితో పాటు విన్నవాణ్ని కూడా లోపల వేయొచ్చని ఒకసారి రుచి మరిగితే ఇక ఆగరు. రేపు ఆ క్లిప్ ఫార్వర్డ్ చేసినవాడి వంతు, ఎల్లుండి దాని కింద నవ్వు బొమ్మ పెట్టినవాడి వంతు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అవసరం ఉంటేనే అరెస్టు చేయండి, లేదంటే నోటీసు ఇవ్వండి అని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. మాటలు, రాతల మీద వచ్చే ఫిర్యాదుల్లో కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ చేసుకోవడం మంచిదని 2025 మార్చిలో మళ్లీ చెప్పింది. మన పోలీసులకి ఈ తీర్పులు తెలియవనుకోలేం. కాకపోతే తీర్పు కాపీ కన్నా ముందు, ప్రెస్‌మీట్‌లో ఏ నాయకుడు ఎవరి మీద మండిపడ్డాడన్న సంగతి స్టేషన్‌కి చేరిపోతుంది.

ఈ దారి కూటమి ప్రభుత్వం కొత్తగా వేసింది కాదు. 2021 మే నెలలో, జగన్ ముఖ్యమంత్రిగా ఉండగా, సొంత పార్టీ ఎంపీ రఘురామకృష్ణరాజునే హైదరాబాద్‌లో అరెస్టు చేసి రాత్రికి రాత్రి గుంటూరు సీఐడీ ఆఫీసుకి తెచ్చారు. ఆయన ప్రెస్‌మీట్లు చూపించినందుకు రెండు చానళ్ల మీద రాజద్రోహం కేసు పెట్టారు. అప్పుడు కూడా ఆపింది సుప్రీంకోర్టే. నాలుగేళ్లు గడిచాయి, అధికారం చేతులు మారింది. హైదరాబాద్ నుంచి గుంటూరుకి అదే రోడ్డు, అదే జీపు. నాడు ఆ జీపుని తిట్టినవాళ్లు నేడు ముందు సీట్లో కూర్చున్నారు. నాడు ముందు సీట్లో కూర్చున్నవాళ్లకి హఠాత్తుగా రాజ్యాంగంలో భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19వ అధికరణం ఉందని గుర్తొచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే వైఎస్ ప్రభుత్వం 2007లో పత్రికల మీద కేసులు వేసే అధికారం అధికారులకి ఇస్తూ 938 జీవో తెచ్చింది. జర్నలిస్టులు రోడ్డెక్కితే పక్కన పెట్టింది. పోయిందనుకున్నాం. ఫైలు అంత తేలిగ్గా చావదు, అటక మీద పడుంటుంది. 2019 అక్టోబరులో కొడుకు ప్రభుత్వం దాని దుమ్ము దులిపి 2430 అని కొత్త నంబరు వేసింది. నవ్వు కేసు కూడా ఇలాగే ఎక్కడో అటకెక్కి ఉంటుంది. దాన్ని దించేవాళ్లు ఎవరో, ఎవరి మీద ప్రయోగిస్తారో కూటమి నాయకులు ఒక్కసారైనా ఆలోచించారా?

సినిమాల దగ్గరికొస్తే ఈ నాటకం మరీ పచ్చిగా కనిపిస్తుంది. 2019 ఎన్నికల ముందు ఎన్టీఆర్ జీవితం మీద రాంగోపాల్ వర్మ తీసిన సినిమా తెలంగాణలో ఆడింది, కృష్ణకి ఇవతల ఆడలేదు. ఇక్కడ ఫలితాలు వచ్చాకే విడుదలైంది. హోటల్ దొరక్కపోతే విజయవాడ పైపుల రోడ్డు సెంటర్లో నడిరోడ్డు మీదే ప్రెస్‌మీట్ పెడతానని వచ్చిన దర్శకుణ్ని పోలీసులు మధ్యలోనే ఆపి వెనక్కి పంపారు. రాష్ట్రంలో ప్రజాస్వామ్యం ఉందా అని ఆ రోజు అడిగింది ప్రతిపక్ష నేత జగన్. మంచి ప్రశ్నే. ఐదేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో, రాజధాని రైతుల మీద తీసిన సినిమా విడుదలైన రోజే హైకోర్టు స్టే ఇచ్చింది. కోర్టుకి వెళ్లింది జగన్ పార్టీ ఎమ్మెల్సీ. మర్నాడు స్టే తొలగిపోయింది కానీ, టికెట్ కొనుక్కుని వచ్చిన జనం అప్పటికే ఇంటిదారి పట్టారు. అప్పుడు స్వేచ్ఛ గురించి గొంతు చించుకున్నది తెలుగుదేశం. ఆ గొంతు ఈ నవ్వు కేసులో వినపడలేదు.

ఎన్నికల వేళ సినిమాతో ఓటర్లు మోసపోతారంటారు. పోలింగ్‌కి ముందు 48 గంటలు ఎన్నికల ప్రచారం తెర మీద కనిపించకూడదని చట్టంలోనే ఉంది. అది చాలదా? కిరీటం పెట్టుకున్న కృష్ణుణ్ని చూసే జనం 1983లో ఓటేశారని చెప్పేవాళ్లు, 1989లో అదే జనం అదే కృష్ణుణ్ని ఓడించారన్న సంగతి చెప్పరు. కల్వకుర్తిలో ఆయన స్వయంగా ఓడిపోయారు. తెర ఏదో, బ్యాలెట్ ఏదో మనవాళ్లకి బాగానే తెలుసు.

ఇక మనోభావాలు. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ గొడవ నడుస్తుండగా హైదరాబాద్‌లో ఒక సినిమా వేడుకలో యాంకర్ లడ్డూ ప్రస్తావన తెస్తే తమిళ నటుడు కార్తి నవ్వేసి, ఇప్పుడది సెన్సిటివ్ టాపిక్, వద్దులే అన్నాడు. జాగ్రత్తపడి తప్పించుకోవాలని చూసిన మనిషి. మర్నాడు ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఇంద్రకీలాద్రి మెట్లు కడిగి, అక్కడే కెమెరాల ముందు ఆ నటుణ్ని మందలించారు. సాయంత్రం కాకముందే క్షమాపణ వచ్చేసింది. అక్కడా ఇక్కడా నేరం నవ్వే, గమనించారా? వారం తిరక్కుండా సుప్రీంకోర్టు కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకి దూరంగా ఉంచమంది. ఆ మాటకి మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఆ కొండకి కాస్త దూరంలోనే, విజయవాడ పటమటలో, గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం 1947 నుంచి ఉంది. దేవుడు లేడని బోర్డు కట్టుకుని మరీ చెప్పిన మనుషుల మధ్య దసరాకి లక్షలమంది భవానీలు నడిచివెళ్తున్నారు. అమ్మవారికి ఏమీ కాలేదు, గోరా మనుషులకీ ఏమీ కాలేదు. ఈ ఊరికి ఓర్పు నేర్పాల్సిన అవసరం నాయకులకి లేదు. ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఉంటే అదే పదివేలు.

మనోభావాల లెక్కకి అంతు ఉండదు. 2006లో క్రైస్తవులు నొచ్చుకున్నారని ఒక ఇంగ్లీషు సినిమాని ప్రభుత్వం నిషేధిస్తే హైకోర్టు కొట్టేసింది. ఊరేగింపులు చేస్తారనో, హింస జరుగుతుందనో బెదిరించినంత మాత్రాన సినిమాని ఆపడమంటే బ్లాక్‌మెయిల్‌కి లొంగిపోవడమేనని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. అయినా 2022 జనవరిలో చింతామణి నాటకాన్ని నిషేధించారు. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్నారు. ఆ వేషంలో కొన్నేళ్లుగా చొరబడిన బూతుని మేమూ సమర్థించం. కానీ గుంటూరు, తెనాలి చుట్టుపక్కల తిరునాళ్లలో అర్ధరాత్రి దాటాక హార్మోనియం శ్రుతి అందుకుంటే, బిల్వమంగళుడి పద్యానికి జనం వన్స్‌మోర్ అని అరిస్తే, నటుడు చెమట తుడుచుకుని మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకునేవాడు. రాత్రికింత అని తీసుకుని ఆ ఒక్క వేషం మీదే సంసారం ఈదిన మనుషులున్నారు. ఒక జీవోతో వాళ్ల మేకప్ పెట్టె మూతపడింది. వాళ్ల తరఫున గట్టిగా మాట్లాడిన నాయకులు తక్కువే. హార్మోనియం వాయించేవాడి వెనక ఓటు బ్యాంకు ఉండదు కదా.

థియేటర్ల సంగతీ అంతే. 2021లో టికెట్ రేటు ఐదు రూపాయల దాకా దించి, డిసెంబరులో కృష్ణా జిల్లాలో తనిఖీలు చేసి హాళ్లకి తాళాలు వేస్తే, అది కక్షసాధింపు అన్నారు పవన్ అభిమానులు. నిజమే. మరి 2025 మే నెలలో థియేటర్ల బంద్ మాట వినపడగానే ఆయన కార్యాలయం నుంచి రిటర్న్ గిఫ్ట్ అంటూ ప్రకటన రావడం, వెంటనే హాళ్లలో తనిఖీలు మొదలవడం ఏమిటి? పాప్‌కార్న్ రేటు, బాత్‌రూమ్ శుభ్రం అన్నీ చూడాల్సిందే. ప్రభుత్వానికి కోపం వచ్చిన వారంలోనే అవి కళ్లబడతాయా?

పత్రికల వాళ్లం మేమూ తక్కువ తినలేదు. పక్క చానల్ మీద కేసు పడితే దాన్ని బ్యానర్ వార్త చేసి ముసిముసిగా నవ్వుకున్న రోజులు ఈ వృత్తిలో అందరికీ ఉన్నాయి. 2025 జూన్‌లో సాక్షి పత్రిక కార్యాలయాల మీద దాడులు జరిగితే రాష్ట్రంలో ఎన్ని సంపాదకీయాలు వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పత్రిక రాతల్లో సగం మాకు నచ్చవు. అందుకే ఇది రాస్తున్నాం.

ప్రభుత్వం ఇప్పుడు చేయాల్సింది పెద్దదేం కాదు. ఆ కేసులో యాంకర్ పేరు తీసేయండి. మాటలు, రాతల మీద ఫిర్యాదు వస్తే నోటీసు లేకుండా ఇంటికి మనుషుల్ని పంపొద్దని డీజీపీతో ఒక సర్క్యులర్ ఇప్పించండి. మీరు ప్రతిపక్షంలో కూర్చోవాల్సిన రోజు వస్తే ఆ కాగితం మీకే పనికొస్తుంది. పంచాయతీ ఎన్నికలొస్తాయి. ఏదో ఊళ్లో తిరునాళ్ల స్టేజి మీద ఒక కుర్రాడు మంత్రిగారి గొంతు అనుకరిస్తాడు. ముందు వరుసలో సర్పంచి దగ్గర్నుంచి బందోబస్తు కానిస్టేబుల్ దాకా అందరూ పగలబడి నవ్వుతారు. గుంటూరు జైల్లో అంతమందికి చోటుందో లేదో ఇప్పుడే చూసుకోండి.