ఆఫ్రికా అంతటా తిరిగే చీటీ డబ్బు

ఆఫ్రికా ఖండంలో 54 దేశాలు, రెండు వేల దాకా భాషలు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్న సంస్కృతి ఏమిటని అడిగితే టీవీ చానళ్లు డప్పులూ నృత్యాలూ చూపిస్తాయి. అవి ఊరూరా మారిపోతాయి. పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా పెద్దగా మారకుండా కనిపించేది మాత్రం చీటీ. ఘనాలో సుసు, నైజీరియా యొరుబాల్లో ఎసుసు, కామెరూన్‌లో న్జాంగి, ఇథియోపియాలో ఎకుబ్, కెన్యాలో చామా, దక్షిణాఫ్రికాలో స్టాక్‌వెల్. బానిసలుగా అట్లాంటిక్ దాటిన వాళ్లతో ఇది కరీబియన్ దీవులకూ చేరింది. ట్రినిడాడ్‌లో ఇప్పటికీ సుసు అనే అంటారు.

లెక్క తెలుగువాళ్లకు కొత్త కాదు. 12 మంది నెలకు వెయ్యి షిల్లింగుల చొప్పున వేస్తే నెలకొకరికి 12,000 అందుతుంది. మొదట ఎత్తినవాళ్లకు అందులో 11,000 వడ్డీ లేని అప్పు. చివర ఎత్తినవాళ్లది వడ్డీ రాని పొదుపు. మన చీటీ పాటలో ఈ తేడాను వేలం సర్దుతుంది. ముందు కావాల్సినవాళ్లు తగ్గించి పాడతారు, ఆ తగ్గింపు మిగతావాళ్లకు పంచుతారు. ఆఫ్రికాలో చాలాచోట్ల పాట ఉండదు. డ్రా తీస్తారు, లేదంటే వరస ముందే ఒప్పుకుంటారు. కామెరూన్ వ్యాపారుల సంఘాల్లో వేలం ఉంది. ఎకుబ్‌లో పేరు వచ్చినవాడు తన వంతును ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

ఎత్తాక ఎగ్గొడితే? అసలు చిక్కు ఇక్కడే. మనకు 1982 చిట్ ఫండ్స్ చట్టం, రిజిస్ట్రారు, హామీలు ఉన్నాయి. అక్కడి చిన్న సంఘాల్లో చాలావాటికి అలాంటి చట్టం, రిజిస్ట్రారు ఉండవు, హామీ ఏర్పాటు సంఘమే చూసుకోవాలి. ఎకుబ్‌లో సొమ్ము చేతికిచ్చే ముందు హామీదారుణ్ణి తెమ్మంటారు. వరస కుదుర్చుకునే చోట కొత్తగా చేరినవాళ్లను చివర్లో పెట్టడం తెలివైన పని. అప్పటికే పది, పదకొండు వాయిదాలు కట్టినవాడు పారిపోతే నష్టం అతనిదే.

కానీ అసలు పూచీ ఇరుగుపొరుగు ఒకరి చావుకు ఒకరు తోడు రావడంలో ఉందని నా అభిప్రాయం. ఇథియోపియాలో ఎకుబ్‌కు తోడుగా ఇద్దిర్ అనే సంఘం ఉంటుంది. నెలకు కొద్ది మొత్తం కట్టించుకుంటారు. సభ్యుల ఇంట్లో ఎవరైనా పోతే టెంటు, కుర్చీలు, వంట పాత్రలు, డబ్బు ఆ ఇంటికి చేరతాయి. మనుషులు కూడా చేరాలి, రాకపోతే జరిమానా. పేట ప్రాతిపదికన కట్టుకునేవి కాబట్టి చాలా ఇద్దిర్లలో ఆర్థడాక్స్ క్రైస్తవులూ ముస్లింలూ కలిసే ఉంటారు. కామెరూన్‌లో న్జాంగి సమావేశమంటే భోజనం కూడా, ఆలస్యమైతే అక్కడా జరిమానే. రోగాలకూ చావులకూ వేరే నిధి ఉంటుంది. దక్షిణాఫ్రికాలో అంత్యక్రియల సంఘాలు బస్తీల్లో మామూలే. చీటీ ఎగ్గొట్టినవాడు ముందు చూసుకోవాల్సింది కోర్టును కాదు, రేపు తన ఇంటి శవాన్ని ఎవరు మోస్తారన్నది.

అలాగని దీన్ని ఆకాశానికెత్తనక్కర్లేదు. నెలనెలా కట్టలేని కడు పేదను ఏ సంఘమూ చేర్చుకోదు. ధరలు ఎగబాకితే చివరి వంతువాళ్లు మునుగుతారు. 2022 డిసెంబరులో ఘనాలో ద్రవ్యోల్బణం 54.1 శాతం. ఆ వేగంతో 12 నెలల చీటీ నడిస్తే మొదటివాళ్లు కొన్న సరుకులో మూడింట రెండొంతులే చివరివాళ్లకు వస్తాయి. మధ్యలో వాయిదా పెంచుదామంటే అప్పటికే ఎత్తినవాళ్లు ఒప్పుకోరు. నెల చీటీని వారం చీటీగా మార్చి 12 వారాల్లో ముగించడం, తర్వాతి విడతలో వరస తిరగేయడం మేలు. డబ్బుకు బదులు సరుకు తీసుకోవడం ఇంకో దారి. 1960ల నుంచే కెన్యా మహిళలు ఇంటి కప్పులకు రేకులు కొనడానికి ఇలా కూడబెట్టారు. దక్షిణాఫ్రికాలో ఏడాదంతా కట్టి, సంవత్సరం చివర్లో పిండి, నూనె, పంచదార టోకున కొని పంచుకునే స్టాక్‌వెల్‌లు ఉన్నాయి.

2007లో కెన్యాలో ఫోనుతో డబ్బు పంపే ఎం-పెసా సేవ వచ్చాక వాయిదా ఫోనులోనే వెళ్తోంది. సౌకర్యమే, కానీ కోశాధికారి ఒక్కడి సిమ్‌లోకి డబ్బంతా పోయే ఏర్పాటు ప్రమాదకరం. పాత పద్ధతిలో సొమ్ము అందరి ఎదుట లెక్కపెట్టి అక్కడికక్కడే ఒకరి చేతిలో పెడతారు, రాత్రికి నిల్వ ఉండేది ఏమీ లేదు. నిల్వ ఉంచక తప్పని సంఘాలకు వేరే జాగ్రత్త ఉంది. 1991లో నైజర్‌లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన గ్రామ పొదుపు బృందాల్లో పెట్టెకు మూడు తాళాలు వేసి, తాళంచెవులు ముగ్గురు వేర్వేరు సభ్యులకు ఇస్తారు. ఫోను చీటీకి ఆ మూడు తాళాల బదులు సంఘం పేరిట ఖాతా, ఇద్దరు ముగ్గురి ఆమోదం లేనిదే డబ్బు కదలని నియమం ఉండాలి.

ముఖాముఖి తెలియనివాళ్లతో వాట్సాప్‌లో నడిపేవాటికి చీటీ పేరే తప్ప చీటీ లక్షణం లేదు. పరస్పర సాయమంటూ నైజీరియాలో వ్యాపించిన ఎంఎంఎం అనే ఆన్‌లైన్ గొలుసు పథకం 2016 డిసెంబరులో చెల్లింపులు ఆపేసింది. దక్షిణాఫ్రికా చట్టం స్టాక్‌వెల్‌లకు బ్యాంకుల చట్టం నుంచి మినహాయింపు ఇస్తూనే, సభ్యుల మధ్య ముందునుంచీ ఏదో ఒక బంధం ఉండాలని షరతు పెట్టింది. ఆన్‌లైన్ పథకాలు దాటలేనిది సరిగ్గా ఆ షరతునే.